రోడ్డుకు అవతలి కార్లు

పొద్దున్నే తన కార్ల షోరూము తాళం తీసి, కాఫీ పెట్టుకుని, అద్దాల గోడ దగ్గర నిలబడటం హార్లన్ వోల్కర్‌కి ఏళ్ళ తరబడి వస్తున్న అలవాటు. ఒకప్పుడు అక్కడినుంచి చూస్తే రోడ్డు అవతల బావమరిది డెల్ స్పూనర్ రేకుల షెడ్డు కనిపించేది. అందులో గడ్డి కోసే మిషన్లు బాగుచేసేవాడు డెల్. ఇప్పుడు ఆ షెడ్డు లేదు. దాని చోట పొడుగాటి కొత్త భవనం, దాని ముందు వరసలు వరసలుగా చిన్న చిన్న జపాను కార్లు. వద్దనుకున్నా చూపు అటే పోతుంది. మనిషి నడకను బట్టి, తొడుక్కున్న కోటును బట్టి, ఆ ఆవరణలో అడుగుపెట్టేదెవరో ఇట్టే చెప్పగలడు హార్లన్.

ఆ మార్చి మంగళవారం, కరుగుతున్న మంచులో ఆచితూచి అడుగులేస్తూ ఒక ఎర్రకోటు అటు పోతోంది. బడిలో సంగీతం చెప్పే ఎట్టా బ్రాంట్. ఆవిడకి మొదటి కారు హార్లన్ తండ్రి అమ్మాడు. తర్వాతవన్నీ హార్లన్ అమ్మాడు.

"ఆవిడ కూడానా!" అన్నాడు హార్లన్.

వెనకనుంచి వెండెల్ వచ్చి నిలబడ్డాడు. హార్లన్ తండ్రి కాలంనుంచీ అక్కడే కార్లు అమ్ముతున్న ముసలాయన. "ఊరికే చూడ్డానికి వెళ్ళుంటుంది లేవయ్యా," అన్నాడు.

"చూడ్డానికని వెళ్ళినవాళ్ళు చూసి ఊరుకున్నది ఎప్పుడైనా చూశావా?"

వెండెల్ కాఫీ చేదుగా ఉందని అన్నాడు.

కెనాన్ ఫాల్స్ అనే ఆ చిన్న అమెరికా ఊళ్ళో వోల్కర్ల పేరు తెలియనివాళ్ళు లేరు. తాతనాటినుంచీ కమాండర్ కంపెనీ కార్లు అమ్మే కుటుంబం. ఊళ్ళో సగంమంది పెళ్ళికి వోల్కర్ల కారులోనే వెళ్ళారు, మిగతా సగం అలా వెళ్ళలేకపోయామని బాధపడ్డారు. ఊరి చివర బంపర్ల ఫ్యాక్టరీ చేసేదీ కమాండర్ బంపర్లే. అంచేత ఆ ఊళ్ళో కమాండర్ కారు కాకుండా ఇంకోటి కొనడమంటే, ఒక చర్చికి పోయేవాడు ఇంకో చర్చికి పోయినట్టు చెప్పుకునేవాళ్ళు.

హార్లన్‌ని లోలోపల కాల్చేది వేరే సంగతి. డెల్‌కి ఆ కార్లు అంటగట్టింది స్వయంగా తనే.

పదకొండేళ్ళ కిందట ఇద్దరు మనుషులు హార్లన్ షోరూముకి వచ్చారు. ఒకాయన జపాను దేశస్థుడు, ఇంకొకాయన కాలిఫోర్నియా వాడు. మినామి అనే కంపెనీ కారొకటి వాళ్ళే తోలుకొచ్చి వాకిట్లో నిలిపారు. పక్కనే ఉన్న పెద్ద కమాండర్ ముందు అది ఏనుగు ముందు మేకపిల్లలా ఉంది. ఈ ఊళ్ళో తమకొక డీలరు కావాలని, ఊళ్ళో అందరూ వోల్కర్ పేరే చెప్పారని వాళ్ళు మర్యాదగా అన్నారు. హార్లన్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని బూటుతో తట్టి, "మీరు వీధి తప్పొచ్చారండీ," అన్నాడు. "ఎదురుగా మా బావమరిది గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాడు. దీన్ని వాటి పక్కన పెడితే సరిగ్గా అమరుతుంది."

షోరూములో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. జపాను ఆయన మాత్రం వంగి నమస్కారం చేసి, కృతజ్ఞతలు చెప్పి, నిజంగానే రోడ్డు దాటి వెళ్ళాడు.

రెండేళ్ళు తిరక్కుండా పెట్రోలుకి కరువొచ్చింది. బంకుల దగ్గర బారులు తీరిన జనం, మేకపిల్ల ఎంత తాగుతుందో ఏనుగెంత తాగుతుందో లెక్కలేసుకున్నారు. ఆ కరువు పోయి ఇంకో కరువొచ్చింది. డెల్ రేకుల షెడ్డు భవనమైంది. చెరువు ఒడ్డున ఇల్లు కట్టాడు. ఏ ఆదివారం భోజనానికి ఎవరొచ్చినా, ఉడికించిన మాంసం పళ్ళెం మీద కత్తి పెడుతూనే, "నేను ఇంతవాణ్ణయ్యానంటే అదంతా మా బావ చలవ. ఆ ఇద్దర్నీ నా దగ్గరికి పంపింది ఆయనే తెలుసా!" అని ఆ కథ చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. హార్లన్ కూడా నవ్వేవాడు. నవ్వి, తల వంచుకుని పళ్ళెంలో మాంసం ముక్కలు కోసుకునేవాడు.

ఎట్టా రోడ్డు దాటిన ఆ వసంతంలోనే బంపర్ల ఫ్యాక్టరీ మూతపడింది. కమాండర్ కార్లు అమ్ముడుపోకపోతే బంపర్లెవరికి? యూనియన్ నాయకుడు బెర్నీ కువాలిక్ గొంతున్న మనిషి. మర్నాడే హార్లన్ దగ్గరికి వచ్చాడు.

"వచ్చే వారం శనివారం యూనియన్ హాలు ముందు ఒక జపాను కారు పెడతాం," అన్నాడు. "సమ్మెట పెడతాం. చందా ఇచ్చినవాడు ఒక దెబ్బ కొట్టొచ్చు. వచ్చిందంతా పని పోయినవాళ్ళ ఇళ్ళకి. ఎలా ఉంది?"

హార్లన్ కళ్ళు మెరిశాయి. "కారు నేను తెస్తా," అన్నాడు, ఇంకో మాట లేకుండా.

తెస్తాననడం తేలికే. తేవడం దగ్గరే వచ్చింది చిక్కు. తన స్థలంలో జనం మార్చుకోవడానికి ఇచ్చిపోయిన పాత కార్లు బోలెడున్నాయి గాని, వాటిలో మినామి ఒక్కటీ లేదు. మినామి ఇచ్చి కమాండర్ తీసుకుపోయినవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పక్క ఊళ్ళకి ఫోన్లు చేశాడు. తుక్కు సామాన్ల యార్డుకి వెళ్ళాడు. అక్కడ కమాండర్లు గుట్టలుగా ఉన్నాయి. యార్డువాడు నవ్వి, "అవి ఇంకా ఇక్కడిదాకా రాలేదండీ. తిరుగుతున్నాయి," అన్నాడు.

చివరికి గత్యంతరం లేక హార్లన్ రోడ్డు దాటాడు. ఆ పదకొండేళ్ళలో అతను ఆ ఆవరణలో కాలుపెట్టడం అదే మొదలు.

డెల్ ఎదురొచ్చాడు. లావుగా, ఎర్రగా, ఎప్పుడూ నవ్వే మనిషి. "రా బావా! దారి తెలిసిందా?"

"ఒక పాతది కావాలి. ఏదైనా ఫరవాలేదు."

"తోలుకోవడానికా, పగలగొట్టుకోవడానికా?"

హార్లన్ కార్ల వరసలవైపు చూశాడు. డెల్ ఒక్క క్షణం నవ్వడం మానేశాడు. తర్వాత జేబులో చేతులు పెట్టుకుని వెనక వరసలోకి నడిచాడు. అక్కడొక పసుపుపచ్చ మినామి ఉంది. మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి తిరిగి, అంచులు తినేసిన అప్పడంలా ఉంది దాని ఒళ్ళు. హార్లన్ తలుపు కింద వేలు పెట్టి నొక్కితే తుప్పు పెచ్చులుగా రాలింది.

"ఇదా మీ గొప్ప కారు!" అన్నాడు, మనసు కొంచెం చల్లబడి.

"తుప్పుకి మావాళ్ళ దగ్గర ఇంకా మందు లేదు బావా. నిజమే ఒప్పుకుంటా. ఇంజను జోలికి మాత్రం పోకు, సిగ్గుపడతావ్." డబ్బు తీసుకుని తాళంచెవి ఇస్తూ, "అక్కకి చెప్పావా?" అని అడిగాడు.

"మీ అక్కకెందుకు?"

"ఏం లేదు. ఊరికే."

కారుని ఇంటికి తోలుకొచ్చి గరాజులో పెట్టి తలుపు దించాడు హార్లన్. శనివారందాకా దాని మొహం చూడకూడదనుకున్నాడు. కానీ మర్నాడు చలి తిరగబెట్టింది. అతను వాడుకునే కమాండర్, ఆ ఏడాది కొత్త మోడలు, నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది. భార్య లోర్నాని ఆమె పనిచేసే లైబ్రరీ దగ్గర దింపాలి. తను షోరూము తెరవాలి. పళ్ళు కొరుక్కుంటూ పసుపు కారు ఎక్కి తాళంచెవి తిప్పాడు. అది వెంటనే అందుకుంది. ఏదో పిలుపు కోసం అప్పటిదాకా కాచుకుని కూర్చున్నట్టు.

లోర్నా పక్కన కూర్చుంది.

"లోపల వెచ్చగా ఉందే," అంది ఆమె.

"చిన్న డబ్బా కదా. త్వరగా వెచ్చబడుతుంది."

ఆమెని దింపి అతను తిన్నగా షోరూముకి వెళ్ళలేదు. నది పక్క రోడ్డు పట్టుకుని చాలా దూరం పోయాడు. మలుపు తిప్పితే కారు మాట విన్నట్టు తిరుగుతోంది. గుంతలో దిగి లేస్తే ఎక్కడా కిర్రుమనలేదు. ఒకచోట ఆపి, దిగి, తలుపు వేసి చూశాడు. మళ్ళీ తీసి వేసి చూశాడు. తుప్పు రాలే తలుపు, అయినా వేసిన ప్రతిసారీ వెళ్ళి దాని చోట అది కూర్చుంటోంది. తన షాపు వెనక రోజూ వినిపించే చప్పుడు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీనుంచి దిగిన కొత్త కమాండర్ల తలుపుల్ని మెకానిక్కులు రబ్బరు సుత్తితో బాదీ బాదీ ఒక దారికి తెస్తే గాని కొన్నవాడి చేతికిచ్చే వీలుండేది కాదు. ఆ సంగతి కంపెనీకి ఎన్నోసార్లు చెప్పాడు. వాడగా వాడగా సర్దుకుంటాయని వాళ్ళు ఎన్నోసార్లు చెప్పారు.

బానెట్ ఎత్తాడు. ఎండలో నిలబడి చాలాసేపు లోపలికి చూశాడు. ఒక్కో తీగా దేని దారిలో అది పోతోంది. చెయ్యి పెట్టాల్సిన చోట చెయ్యి పట్టేంత సందుంది. ఎప్పుడో ఒకరోజు దీన్ని ఎవడో ఒకడు బాగుచెయ్యాల్సొస్తుందని, వాడికి కష్టం కలగకూడదని, ఎక్కడో సముద్రం అవతల ఒక మనిషి ఆలోచించాడు. ఆ ఊహ రాగానే హార్లన్ గుండెలో కలుక్కుమంది. ఇన్నాళ్ళూ తన కుళ్ళంతా డెల్ మీద, వాడి చెరువొడ్డు ఇంటి మీద, వాడి నవ్వు మీద అనుకున్నాడు. ఇప్పుడు మొహం తెలియని ఎవడి మీదో, అలాంటి మనిషిని పనిలో పెట్టుకున్న కంపెనీ మీద పుట్టింది కుళ్ళు. పక్కింటివాడి పెళ్ళాన్ని చూసి మనసు చెదిరిన మొగుడిలా బానెట్ గబుక్కున మూసేసి, ఎవరైనా చూశారేమోనని రోడ్డుకి రెండువైపులా చూశాడు.

ఆ తర్వాత వారమంతా కమాండర్‌కి బాటరీ మార్చడం గుర్తురాలేదు.

శుక్రవారం సాయంత్రం చర్చిలో చేపల వేపుడు తిని వస్తుంటే లోర్నా తను తోలతానంది. సీటు ముందుకి జరుపుకుంది. పొట్టి మనిషి. వోల్కర్ల ఇంటికి వచ్చినప్పటినుంచీ పెద్ద కార్లలో దిండు వేసుకుని, మెడ సాచి రోడ్డు చూస్తూ తోలింది. ఈ కారులో దిండు అక్కర్లేకపోయింది. ఇంటి ముందు ఆపి, ఇంజను కట్టేసి, దిగకుండా అలాగే కూర్చుంది.

"దీన్ని నాకుంచేయకూడదూ?" అంది.

"ఏం మాట్లాడుతున్నావ్? రేపు పగలగొట్టేదాన్ని!"

"బెర్నీకి వేరే ఏదైనా ఇవ్వు. మన యార్డులో ఉన్నవి తక్కువా?"

"కమాండర్‌ని పగలగొట్టమంటావా? ఊరు ఊరంతా చూస్తుండగా?"

"నాకు సరిపోయింది, అందుకని అడిగాను."

"నీ తమ్ముడి కారు కాబట్టి అడిగావ్. పుట్టింటి వాసన ఎక్కడికి పోతుంది!"

లోర్నా అతనివైపు తిరిగింది. "హార్లన్, నేను పెళ్ళయినప్పట్నించీ నీ పక్షమే. దిండు మీద కూర్చుని మరీ నీ పక్షాన ఉన్నాను. ఈ వారం రోజులూ షోరూముకి నువ్వు నది రోడ్డు మీదుగా ఎందుకు తిరిగి వెళ్ళావో నేనడిగానా?" అని దిగి, తలుపు మెల్లగా వేసి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం యూనియన్ హాలు ముందు ఊరంతా చేరింది. బీన్స్ సూపు, మొక్కజొన్న రొట్టెలు, బల్ల మీద చందా డబ్బా. పసుపు కారు మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. బెర్నీ బల్లెక్కి, మన పని ఎత్తుకుపోయిన దొంగ ఇదేనని గొంతు చించుకున్నాడు. మొదటి దెబ్బ హార్లన్‌ది. సమ్మెట ఎత్తి ముందు అద్దం మీద వేశాడు. అద్దం చిట్లింది. చప్పట్లు పడ్డాయి. అంతకంటే గట్టిగా కొట్టగలిగేవాడే. చెయ్యి ఎందుకో సగంలో మెత్తబడింది.

పదిమంది దాకా కొట్టాక, కొట్టేవాళ్ళ వరసలో వెనకనుంచి గుసగుసలు మొదలయ్యాయి. చూస్తే డెల్! టోపీ చేత పట్టుకుని, అందరితోపాటు వరసలో నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు బెర్నీ.

"ఏం, నా డబ్బు చెల్లదా?" డెల్ డబ్బాలో కాస్త మందంగానే వేశాడు. "ఫ్యాక్టరీ మూస్తే నా దగ్గర మాత్రం ఎవరు కొంటారయ్యా? ఇక్కడ పని పోయినవాళ్ళలో సగంమంది నాతో బళ్ళో చదువుకున్నవాళ్ళే. ఇవ్వు సమ్మెట." చేతిలో ఉమ్మేసుకుని, సమ్మెట తిప్పి తను అమ్మిన కారు డిక్కీ మీదే ఒక్కటి వేశాడు. అది సొట్టపోయి తెరుచుకుంది. "చూశారా, తాళంచెవి లేకుండా కూడా తెరుచుకుంటుంది మా కారు!"

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. చప్పట్లు, ఈలలు. బెర్నీ కూడా నవ్వాపుకోలేక డెల్ వీపు చరిచాడు. ఎవరో సూపు గిన్నె తెచ్చి డెల్ చేతిలో పెట్టారు.

హార్లన్ అదంతా చూశాడు. తన ఊరు, తన సభ, తను తెచ్చిన కారు. చప్పట్లు మాత్రం వాడికి. వరసలో తర్వాతివాడి చేతిలోంచి సమ్మెట లాక్కున్నాడు. బానెట్ మీద కొట్టాడు. లైట్ల మీద కొట్టాడు. తలుపు మీద కొట్టాడు, చక్కగా వెళ్ళి కూర్చునే ఆ తలుపు మీదే, మళ్ళీ మళ్ళీ. మొదట అరిచి ప్రోత్సహించిన జనం ఒక్కొక్కరే నోరు మూశారు. పిల్లల్ని తల్లులు వెనక్కి లాక్కున్నారు. సమ్మెట దెబ్బలు, హార్లన్ ఆయాసం తప్ప ఇంకేం వినిపించలేదు. "చాలు హార్లన్," అని లోర్నా అంటూనే ఉంది. భుజంలో ఏదో పటుక్కుమన్నప్పుడు గాని అతను ఆగలేదు.

పక్క ఊరి ఆసుపత్రికి డెల్ తన కారులో తీసుకెళ్ళాడు. లోర్నా వెనక కూర్చుంది. చాలా దూరం పోయాక హార్లన్ నోరు విప్పాడు.

"నన్ను చూసి నవ్వుకుంటున్నావు కదరా?"

"ఎప్పుడు?"

"ఎప్పుడూ! ప్రతి ఆదివారం పదిమందిలో ఆ కథ చెప్పి."

డెల్ రోడ్డు మీంచి చూపు తిప్పి ఆశ్చర్యంగా చూశాడు. "ఎగతాళి అనుకున్నావా? పదకొండేళ్ళూ అదే అనుకున్నావా? బావా, నువ్వు వాళ్ళని పంపకపోతే నేనింకా ఆ రేకుల కింద గ్రీజు పూసుకుంటూ ఉండేవాణ్ణి. ఆ మాట నలుగురిలో చెప్పుకోవాలి కదా. చెప్పకపోతే విశ్వాసం లేనివాణ్ణవుతాను."

"నేను ఎగతాళికే పంపాను."

"అది నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు డెల్. "వాళ్ళకీ తెలుసు. అయినా వచ్చారు."

వెనక సీట్లోంచి లోర్నా, "ఇద్దరూ కాసేపు నోరు మూసుకుని రోడ్డు చూడండి," అంది.

మే నెలలో కమాండర్ కంపెనీ డెట్రాయిట్‌లో డీలర్ల సమావేశం పెట్టింది. హార్లన్ చేతిని మెడకి వేలాడదీసిన కట్టుతోనే వెళ్ళాడు. లైల్ గ్రాండిన్ అనే ప్రాంతీయ మేనేజరు తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. జపానులో కూలి తక్కువ, అక్కడి సర్కారు వాళ్ళకి తోడు, అక్కడి డబ్బు విలువ మనకి దెబ్బ. మన జనానికి దేశం మీద ప్రేమ తగ్గింది. అదీ సంగతి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని హార్లన్‌కి తోచింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడగ్గానే లేచి నిలబడ్డాడు.

"నేను వాళ్ళ కారు ఒక వారం తోలానండీ," అన్నాడు.

గదిలో చిన్న కదలిక. "మీరా! ఎందుకు తోలారు మిస్టర్ వోల్కర్?" అన్నాడు గ్రాండిన్.

"పగలగొడదామని కొన్నాను."

అందరూ నవ్వారు. గ్రాండిన్ కూడా నవ్వాడు. "మరి పగిలిందా?"

"పగిలింది. దాంతోపాటు నా భుజమూ విరిగింది. కానీ పగలగొట్టేముందు ప్రతి చలి పొద్దునా ఒక్క పిలుపుకి లేచింది. తలుపు వేస్తే సరిగ్గా పడింది. మీరు పంపే తలుపుల్ని మేం సుత్తితో బాది పడేట్టు చేస్తున్నాం. ఇక్కడున్న డీలర్లందరూ చేస్తున్నారు, నోరు విప్పి చెప్పరు గాని. కూలి సంగతీ, డబ్బు సంగతీ నిజమే కావచ్చు. తలుపుకి ఆ లెక్కలు తెలియవు కదండీ."

"మీరు ఎవరి పక్షం, మిస్టర్ వోల్కర్?"

"మీ పక్షమేనండీ. మా తాతనాటినుంచీ. అందుకే వాళ్ళని చూస్తే నాకు కడుపుమంట. సిగ్గులేకుండా చెప్తున్నా, నిద్ర పట్టదు. ఇందాకట్నించీ మీ మొహాలే చూస్తున్నాను. కోపం ఉంది, ఫిర్యాదుంది. మంట మాత్రం ఒక్కరిలోనూ లేదు. వాడు చేసింది మనమెందుకు చెయ్యలేకపోయామని కుళ్ళుకున్నవాడు మీలో ఒక్కడూ కనిపించలేదు. నాకు భయం జపాను వాళ్ళ వల్ల కాదండీ. దీనివల్ల."

గ్రాండిన్ ధన్యవాదాలు చెప్పి తర్వాతి బొమ్మకి వెళ్ళాడు. బయటికొస్తుంటే ఒహాయో డీలరొకాయన వచ్చి హార్లన్ మంచి చేతిని గట్టిగా పట్టుకుని వదిలాడు. అంతే. ఆ ఎండాకాలం హార్లన్‌కి రావాల్సిన సరుకు ఆలస్యంగా వచ్చింది. అది శిక్షేనని వెండెల్ అన్నాడు. బంపర్ల ఫ్యాక్టరీ మళ్ళీ తెరుచుకోలేదు. బెర్నీ చెల్లెలి దగ్గరికి టెక్సస్ వెళ్ళిపోయాడు. హార్లన్ రోడ్డు దాటి వెళ్ళి, లోర్నాకి ఒక చిన్న మినామి కొన్నాడు, నీలంది. తగ్గించమని అడగలేదు. ఊళ్ళో నాలుగు రోజులు చెవులు కొరుక్కుని మానేశారు.

మూడేళ్ళ తర్వాత కమాండర్ కంపెనీ గ్రాండిన్‌ని పంపేసింది. ఆపైన ఒక శరత్కాలంలో, లార్క్ అనే కమాండర్ వాళ్ళ కొత్త చిన్న కారు లారీలోంచి హార్లన్ వాకిట్లో దిగింది. అతను దాని దగ్గరికి వెంటనే పోలేదు. కాఫీ తాగాడు. తర్వాత వెళ్ళి తలుపు తీసి వేశాడు. బానెట్ ఎత్తి చెయ్యి లోపలికి దూర్చి చూశాడు. ఇంకా కొన్ని చోట్ల తొందరపాటు కనిపించింది, నిజమే. కానీ తలుపు సరిగ్గా పడింది. షాపు వెనకనుంచి సుత్తి చప్పుడు రాలేదు.

హార్లన్ ఫోను తీసి, "డెల్, ఒకసారి రా," అన్నాడు.

డెల్ రోడ్డు దాటి వచ్చాడు, ఏదో హాస్యం అప్పటికే నోట్లో సిద్ధంగా పెట్టుకుని. కారు చుట్టూ తిరిగాడు. తలుపు తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని కింద తుప్పు పట్టకుండా పూసిన పూతని గోటితో గీకి చూశాడు. అది లేవలేదు. హాస్యం బయటికి రాలేదు.

"బాగుంది బావా," అన్నాడు, గొంతు కొంచెం పీలగా. "ఊఁ. బానే ఉంది. ఎప్పట్నించి వస్తున్నాయి ఇవి?"

"ఇవాళ్టినుంచే."

"బాగుంది," అన్నాడు మళ్ళీ డెల్. కాఫీ ఇస్తానన్నా ఆగలేదు. పనుందన్నాడు.

మర్నాడు పొద్దున అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి తన పెద్ద మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ బానెట్ కింద తలలు పెట్టి చాలాసేపు గుసగుసలాడుకుంటుంటే, హార్లన్ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి సరిగ్గా కనిపించాలని టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు.